కాలు తీస్తే వెలగని లైటు

"ఆగేముందు చెప్పొద్దూ అల్లుడుగారూ!" వెనకనుంచి అల్లుడి కారును గుద్దిన తన కారులోంచి నుదురు రుద్దుకుంటూ దిగింది అత్తగారు.

"నేను బ్రేకు తొక్కలేదండీ! యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానంతే. ఎలక్ట్రిక్ కారు కదా, తనే ఆగిపోయింది."

"మరి వెనక ఎర్రలైటు వెలగలేదే?"

"బ్రేకు తొక్కితేనే వెలుగుతుందండీ, అదీ రూలు."

"నాకు బొప్పి కట్టిందీ రూలు ప్రకారమేనా? ఏ తలమాసినవాడు ఒప్పుకున్నాడు ఈ డిజైను?"

అల్లుడి పక్కసీట్లో భార్య నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. కాలు తీసినా లైటు వెలగాలన్న ఇంజనీర్లను, "మాటిమాటికీ వెలిగితే కారు పిరికిదనుకుంటారయ్యా!" అని పొద్దున్నే కార్ల కంపెనీ మీటింగులో కసిరిన పెద్దమనిషి ఈ అల్లుడుగారే.

అల్లుడు నలిగిన బంపరు తడిమాడు. "మా ఆఫీసులో ఒకాయనండీ. రేపే మార్పించేస్తాను."

"అలాంటివాడు ఒకరు చెబితే వింటాడా?"

"ఇప్పుడే విన్నాడండీ."