తాళం తీసినా ఆగని కారు

2006లో అలంపూర్ మేస్త్రీ దేవదానం పదిహేనేళ్ల నాటి డీజిల్ కారు కొన్నాడు. మొదటిసారి భార్యాపిల్లలతో వనపర్తికి పోతుంటే, రాత్రి బీచుపల్లి వంతెన దాటగానే పొగ కమ్మింది. పక్కకు ఆపి తాళంచెవి బయటికి లాగాడు. ఇంజిన్ ఆగలేదు. తాళంచెవి చేతిలోనే ఉంది, చప్పుడు మాత్రం అంతకంతకూ పెరుగుతోంది.

భార్య సునందమ్మ నిద్రపోతున్న పిల్లలను దూరంగా పడుకోబెట్టి వచ్చింది.

"తాళం తీసినంక గూడ ఎట్ల నడుస్తుంది?"

"అరిగిన ఇంజిన్. దాని ఆయిల్ అదే తాగుతుంది. పేలుతది, దూరం పోదాం పా."

"గాలి గూడ పీలుస్తది కద. ఆ గొట్టం యాడుంది?"

అతను బానెట్ ఎత్తి చూపించాడు. ఆమె కారులో ఉన్న బొంతను తెచ్చి, మందంగా మడిచి గొట్టం మూతికి అదిమింది. లోపలినుంచి ఎవరో పట్టి గుంజినట్టయింది. ఇద్దరూ ఉన్న బలమంతా పెట్టి వదలకుండా పట్టుకున్నారు. కారు ఊగింది, దగ్గింది, ఆగిపోయింది.

కింద కృష్ణ పారుతున్న చప్పుడు వినిపించింది.

"ఆపినవ్, సునందా," అంటూ దేవదానం పగలబడి నవ్వాడు.

ఆమె కూడా గర్వంగా నవ్వింది. కానీ చేతులు తీయలేదు.

"ఇంకా లోపలికి గుంజుతనే ఉంది," అన్నది.