ప్రోమో సాక్ష్యం

"కలంట! అంతా కలంట!" ప్రేమలీల రిమోటును మంచం మీదికి గిరాటేసింది. "వారం రోజులు ఆ ప్రోమో చూపించి చూపించి ఊరించి, చివరికి కలంటారా! వీళ్ల సీరియల్ పాడుగాను!"

మజ్జిగన్నం తింటున్న ఆనందబాబు తల ఎత్తి భార్యను చూశాడు. "ఏందిమే, ఆ అత్త పోయి కోడల్ని పిల్చుకోని రాలేదా?"

"పోయింది. ఆటో దిగింది. కోడలి చేతులు పట్టుకోని ఏడ్చింది. నేనూ ఏడ్చినా. అంతలో అలారం మోగింది. చూస్తే వకుళ పుట్టింట్లో మంచం మీద లేచి కూచోనుండాది!"

'వకుళ కాపురం' అంటే ప్రేమలీలకు ప్రాణం. సాయంత్రం ఏడింటికి చిల్లకూరులో కరెంటు పోతే ఆమెకు అన్నం సయించదు. కానీ ఇప్పుడు ఆమెకు చెమటలు పడుతున్నది వకుళ కోసం కాదు, తెల్లవారితే చర్చిలో జరిగే శుక్రవారం ఉపవాస ప్రార్థన కూటం కోసం.

ఐదు వారాల కిందట కూటంలో ప్రార్థన అంశాలు అడిగితే ఉండబట్టలేక లేచింది. "నాకు బాగా కావాల్సిన ఇంట్లో అత్త కోడల్ని తరిమేసింది. పేర్లు చెప్పలేను. ఆ అత్త మనసు మారేట్టు ప్రార్థన చేయండి" అంది. పాపం, సంఘమంతా అప్పటి నుంచి పస్తులుండి మరీ ప్రార్థిస్తున్నారు. అది చాలదన్నట్టు పోయిన శుక్రవారం, ప్రోమో చూసిన ఊపులో, "అత్త బయల్దేరింది, వచ్చే వారం దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్తా" అని మాట కూడా ఇచ్చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"టీవీలో వాళ్ల కోసమా మా కడుపులు మాడ్చినావని అడిగితే ఏం చెప్తావు?" ఆనందబాబు నవ్వాడు.

"ఎగతాళి చేయబాకండి. నాకు కాళ్లూ చేతులూ ఆడటంలా."

"ఎగతాళి కాదుమే. పోయి నిజం చెప్పెయ్. దేవుడి కాడ దాచేదేముండాది?"

"దేవుడు క్షమిస్తాడు. పుష్పకుమారి టీచరమ్మ క్షమిస్తుందా? ఇంక నేను ఆ గుళ్లో తలెత్తుకోని కూచోగలనా?"

ఆనందబాబు లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు కూటంలో ప్రేమలీల గోడవారగా, ఎవరికీ కనపడకుండా చాప చివర కూర్చుంది. అయినా పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారి కళ్లు ఆమెనే వెతికి పట్టుకున్నాయి.

"ప్రేమలీలమ్మా, లే తల్లీ. ఆ ఇంటి సాక్ష్యం కోసం అందరం ఎదురుచూస్తా ఉండాం."

ఆమె లేచింది. ముందు వరుసలోంచి పుష్పకుమారి టీచరమ్మ వెనక్కి తిరిగింది. హెడ్మాస్టరుగా రిటైరైనా ఆ చూపు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. పైగా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. 'ఆ అత్త రాతిగుండె కరిగించు ప్రభువా' అని ఈ ఐదు వారాలూ అందరికంటే గట్టిగా ప్రార్థించింది ఆమే.

"అయ్యగారూ, నన్ను క్షమించాల. ఆ ఇల్లు..." ప్రేమలీల నసిగింది.

"ఆగు ప్రేమలీలా." టీచరమ్మ లేచి నిలబడింది. "నువ్వు చెప్పొద్దు. నేను చెప్తా."

అయిపోయింది, ఈమెకు తెలిసిపోయింది అనుకుంది ప్రేమలీల.

"నా కోడలు ఏంజెలిన్ ఉద్యోగానికని తడ ఊరికి పోయిందని మీకందరికీ చెప్పినా. అబద్ధం. నా నోటికి తాళలేక పుట్టింటికి పోయింది." టీచరమ్మ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "ప్రేమలీలకు ఎట్ల తెలిసిందో నాకు తెలీదు. తొలి వారం మండిపోయినా. ఎవరికీ అనుమానం రాకూడదని అందరికంటే గట్టిగా నేనే ప్రార్థన చేసినా. నా గుండె కరిగించమని నా నోటితో నేనే ఐదు వారాలు అడిగితే కరగకుండా యాడికి పోతుంది? పోయిన వారం 'అత్త బయల్దేరింది' అనింది. ఇంక ఇంట్లో కూచోలేకపోయినా. నిన్న వాళ్ల పుట్టింటికి పోయి, ఆ బిడ్డ కాళ్లావేళ్లా పడి పిల్చుకోనొచ్చినా."

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మం దగ్గర ఏంజెలిన్ నిలబడి ఉంది.

గుడి స్తోత్రాలతో మారుమోగిపోయింది. టీచరమ్మ వచ్చి ప్రేమలీల రెండు చేతులూ పట్టుకుంది. "పేరు చెప్పకుండా నా పరువు నిలబెట్టినావు. నా ఇల్లు నిలబెట్టినావు. బతికినన్నాళ్లూ నీ మేలు మరిచిపోను."

నిజం ప్రేమలీల నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ తడి కళ్లు చూశాక దాన్ని బయటికి తీయడం ఆమె వల్ల కాలేదు. తనూ ఏడ్చేసింది. మనసులో దేవుడికి వందనాలు చెప్పుకుంది. నిన్న నోటికొచ్చినట్టు తిట్టిన సీరియల్ వాళ్లను కూడా చల్లగా చూడమని వేడుకుంది.

కూటం ముగిసింది. అందరూ టీ గ్లాసులతో వరండాలో గుంపు కట్టారు. చేయని మేలుకు అంత పొగడ్త మోయడం ప్రేమలీలకు కష్టంగా ఉంది. కనీసం ఒక్కరికైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టదనిపించింది. ఏంజెలిన్‌ను పక్కకు పిలిచింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాల. నిజానికి నేను ప్రార్థన చేయమనింది..."

ఏంజెలిన్ గబుక్కున ఆమెను వాటేసుకుని చెవిలో అంది:

"ఆంటీ, 'వకుళ కాపురం' నేనూ ఒక్క ఎపిసోడ్ వదలను. మా అత్తమ్మకు మాత్రం చెప్పబాకండి."