డబ్బా పాలు

వాసవి గుడ్డ తీసుకుని పాలపొడి డబ్బాలు తుడుస్తోంది. తర్లుపాడులో వాళ్ల ఇంటి ముందుగదే దుకాణం. ఒక డబ్బాను బోర్లా తిప్పి, అడుగు తుడవబోయి ఆగిపోయింది. గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. మిగతావీ అంతే. వాటిలోదే ఒకటి నిన్న రేచల్‌కు తనే ఇచ్చింది.

అంతలోనే రేచల్ మెట్లెక్కి వచ్చింది. భుజాన నెల నిండిన మగబిడ్డ, చేతిలో అదే డబ్బా. వేళ్లకు తెల్లగా బలపం పొడి. పలకల పనివాళ్ల ఇంట్లో అది మామూలే.

"తాగిందంతా గోడదాకా చిమ్మి కక్కుతుండాడక్కా. కక్కినాక మళ్లీ ఆకలని ఏడుస్తాడు. నా పాలే మంచియి కావంట, మా అత్త ఊరంతా చెప్తాంది" అంది. డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "ఇయ్యి పట్టొచ్చా అక్కా? నువ్వు చెప్పు."

వాసవి నోరు తెరిచింది. గల్లాపెట్టె దగ్గర మామ చంద్రశేఖరరావు తలెత్తి చూశాడు. సరుకు చూసి సర్దే పని ఆమెది. మాట పడాల్సిందీ ఆమే.

"పట్టొచ్చులే. నీళ్లు బాగా కాంచి కలుపు" అంది.

రేచల్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే బిడ్డ ఎముకల గూడైపోయాడని, ఒంగోలు తీసుకుపోయారని, కడుపు కోస్తారని తెలిసింది. వాసవి మిగిలిన డబ్బాలు గోనెసంచిలో కట్టి అటక మీదికి తోసేసింది. ఎవరికీ చెప్పలేదు.

బిడ్డ బతికాడు. చూడ్డానికి వెళ్లే ముఖం లేక వాసవి ఆగిపోతే, రేచలే బిడ్డను ఎత్తుకుని వచ్చింది. పొట్టలోంచి పేగులోకి పోయే దారి దగ్గర కండ మందమెక్కి మూసుకుపోయిందట. ఏ పాలదీ తప్పు కాదని డాక్టరు అత్త ఎదుటే చెప్పాడట. వాసవి తల దించుకునే విన్నది.

"ఏం పాలు పట్టినావని అడిగినారక్కా. నా పాలేనని చెప్పినా."

తనను కాపాడిందనుకుంది వాసవి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడైనా చెప్పేయాలనుకుంది.

"బిడ్డ ఒళ్లు చేసినాడు" అని మాత్రం అంది.

రేచల్ ఇంకాసేపు నిలబడింది. తర్వాత సంచిలోంచి అదే డబ్బా తీసి బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

డబ్బాకు సీలు అట్లాగే ఉంది. ఆ పొడి బిడ్డ నోట్లోకి పోనేలేదు. వాసవి గుండెల మీది బరువు దిగిపోయింది. అలవాటుగా గుడ్డ అందుకుని డబ్బాను బోర్లా తిప్పింది.

తేదీ చుట్టూ బలపంతో గీసిన సున్నా.