పాత జాబితా

ఇంటికొచ్చే ఫోన్లనీ మనుషులనీ వడపోసే, వద్దన్నవాళ్లొస్తే బెల్లు కూడా మోగనివ్వని ఫైర్‌వాల్ పాడైతే, రుక్మాంబ దాన్ని మళ్లీ ఎక్కించి, నిరుడు దాచుకున్న సెట్టింగులనే తిరిగి పెట్టేసింది. అప్పట్లో పోట్లాడుకున్న కోపంలో చెల్లెలు హైమను రానివ్వకూడనివాళ్ల జాబితాలో తనే చేర్చింది. ఆ తర్వాత రాజీపడి తీసేసింది గానీ, పాత సెట్టింగుల్లో ఆ పేరు అలాగే ఉందన్నది మరిచిపోయింది.

మర్నాడు ఎదురింటావిడ అడిగింది: "నిన్న మీ చెల్లెలు చంటిదాన్నెత్తుకుని వానలో గంటసేపు మీ గుమ్మం ముందు నిలబడిందండీ. మీరు ఇంట్లోనే ఉన్నారుగా?"

పాత జాబితా గుర్తొచ్చి రుక్మాంబ పరుగున చెల్లెలింటికి వెళ్లింది. వానలో తడిసిన పాపకు ఒళ్లు కాలిపోతోంది.

"నీకు మళ్లీ కోపమొచ్చిందనుకున్నా అక్కా," అంది హైమ.

నేరం ఫైర్‌వాల్ మీదకి నెట్టబోయి రుక్మాంబ ఆగిపోయింది. "ఆ జాబితాలో నీ పేరు రాసింది నేనేనే," అంది తలవంచుకుని.

హైమ పాప నుదుటి మీది తడిగుడ్డ తీసి అక్క చేతికిచ్చింది.