పీకేసిన ప్లగ్గు

“అక్కా, కొంప మునిగింది! స్క్రీనంతా నల్లగా అయిపోయింది!” కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు లబలబలాడాడు.

చూపులేని అక్క కీబోర్డు మీంచి చేతులు తీయలేదు. కంప్యూటర్లో లినక్స్ సిస్టమ్ ఎక్కించడం ఆమెకిదే మొదలు. ఒక్కో మెనూ ఇయర్‌ఫోన్లలో వినిపిస్తోంది.

“ముట్టుకోకు. సగమైంది.”

“ఏమీ కనిపించట్లేదంటుంటే, సగమేంటి?”

“నాకు పొద్దుట్నుంచీ అంతేగా!”

తమ్ముడు గోళ్లు కొరుక్కున్నాడు. అక్క చివరి మీట నొక్కి, నవ్వింది.

“అయిపోయింది. స్వాగతం చెబుతోంది.”

“మరి స్క్రీను?”

“ప్లగ్గు నేనే పీకేశా. నీలంది నొక్కు, పచ్చది నొక్కు అంటూ గంటసేపు నా ప్రాణం తీశావు. మౌసు లాక్కుని రెండుసార్లు డిస్కంతా తుడిచేయబోయావు.”

తమ్ముడు మెల్లగా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“అక్కా, ఒక ఇయర్‌ఫోను ఇటివ్వవా?”

“ఇదిగో. భయపడకు, మొదట్లో అందరికీ కంగారే.”