సరే అనాల్సిన మనిషి

నాలుగో పేజీ టైపు కాకుండానే తిరిగొచ్చింది.

"ఇదేమిటండీ, మధ్యలో వదిలేశారు?" అంది రచయిత్రి.

"అందులో రెండో వాక్యం నాకు అర్థం కాలేదమ్మా," అంది టైపిస్టు. "అర్థం కానిది నేను టైపు చేయను."

అరవై దాటిన మనిషి. కోర్టు పక్క సందులో, జిరాక్సు షాపుకీ తాళాలు బాగుచేసే షాపుకీ మధ్య ఇరుక్కున్న గదిలో ఒక టైపు మిషను, రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. రచయిత్రికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"మీకు అర్థం కావడమెందుకండీ? అక్షరాలు కనిపిస్తే చాలదా?"

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మీరేమంటున్నారో అదే కనిపించడం లేదు."

ఆ వాక్యం ఇది: ‘జ్ఞేయ ప్రపంచపు ప్రకాశమాన అనిశ్చితిలో జ్ఞాత స్వయంగా విలీనమవుతాడు.’ దాన్ని రాయడానికి రచయిత్రికి రెండు రోజులు పట్టింది.

"అంటే... ఏదైనా వస్తువుని చూడబోతే, ఆ చూడటం వల్లే అది కొంత మారిపోతుంది. చూసేవాడు తనకేం సంబంధం లేదన్నట్టు పక్కన నిలబడలేడు."

"మరి అలాగే రాయొచ్చుగా?"

"ఇది వెలుగు మాస్టారంతటి శాస్త్రవేత్త జీవిత చరిత్రండీ. పిల్లల పాఠం కాదు."

"మాస్టారు ఇలా అనరమ్మా."

"ఆయన పుస్తకాలు మీరు చదివారా?"

"అన్నీ చదివాను."

రచయిత్రి పెదవి విరిచింది. కోర్టు కాగితాలు టైపు చేసే మనిషి వెలుగు మాస్టారి పుస్తకాలన్నీ చదివేసిందట!

"ఇంతకీ గ్లాసుని చూస్తే గ్లాసు మారుతుందా? అది కూడా చెప్పండి, టైపు చేస్తాను," అంది టైపిస్టు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"మీతో వాదించే తీరిక నాకు లేదండీ."

కాగితాలు తీసుకుని రచయిత్రి ఎదురుగా ఉన్న కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళింది. వాళ్ళు కిక్కురుమనకుండా రెండు రోజుల్లో మొత్తం కొట్టి ఇచ్చారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రాణం హాయిగా ఉంది.

తీరిక నిజంగానే లేదు. వెలుగు మాస్టారు అన్నది శిష్యులు పెట్టిన పేరు. నలభై ఏళ్ళు ప్రయోగశాలలో కాంతిని కొలిచిన భౌతిక శాస్త్రవేత్త ఆయన. ప్రతి ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళ గ్లాసు బొమ్మ వేసేవారు. అదే గ్లాసు, అదే కిటికీ, రెండు వేల బొమ్మలు.

"కొలిచినా, గీసినా గ్లాసు మొత్తం చేతికి రాదు. ఎంత జారిపోయిందో నిజాయితీగా చెప్పడమే మన పని," అనేవారు. భౌతికశాస్త్రానికీ తత్వశాస్త్రానికీ మధ్య గోడ ఎవరు కట్టారని విసుక్కునేవారు. అంత కష్టమైన సంగతుల్ని అంత తేటగా చెప్పినవాళ్ళు మరొకరు లేరని లోకమంతా ఒప్పుకుంది.

ఆయన పోయి రెండేళ్ళు. ఇరవై ఆరు నోటు పుస్తకాలు మిగిలాయి.

వాటిలోనే ఉంది చిక్కు. ఒక్కో ఆలోచన కింద ఆయన చేత్తో ఒకే మాట: ‘ఒప్పుకోలేదు.’ వారం తర్వాత అదే ఆలోచన ఇంకోలా రాసేవారు. కింద మళ్ళీ ‘ఒప్పుకోలేదు.’ ఎనిమిదోసారో తొమ్మిదోసారో మాత్రం ‘ఎట్టకేలకు సరే అనిపించుకున్నాను’ అని ఉండేది. అలా అనిపించుకున్నదే అచ్చుకి వెళ్ళింది. సరే అన్నది ఎవరో ఎక్కడా రాయలేదు.

"ఆ మనిషెవరో తేలనిదే పుస్తకం ముగించను," అని రచయిత్రి ప్రచురణకర్తకి ఖరాఖండిగా చెప్పింది.

"ఎవరైతే ఏమమ్మా?"

"మాస్టారి ఆలోచనలో సగం ఆ మనిషిదండీ. సగం మనిషి చరిత్ర నేను రాయను."

శాస్త్రవేత్తల్ని అడిగింది. చిత్రకారుల్ని అడిగింది. ఎనభై ఉత్తరాలు రాసింది. "నీ పుణ్యమా అని పోస్టుమాన్ మనింటి అల్లుడైపోయాడు," అన్నాడు భర్త. మాస్టారికి మిగిలిన ఒకే ఒక్క బంధువు ఆయన చెల్లెలు. కంటి ఆపరేషనై ఎక్కడో కూతురి దగ్గర ఉందట. రెండు ఉత్తరాలకీ జవాబు రాలేదు.

చివరికి ఒక రిటైరైన తత్వశాస్త్ర ప్రొఫెసర్ గడ్డం నిమురుకున్నాడు.

"మేం చాలా మాట్లాడుకునేవాళ్ళం. బహుశా నేనే అయ్యుంటాను."

"మీరు ఏ విషయం ఒప్పుకోలేదో గుర్తుందాండీ?"

"ఈ వయసులో అన్నీ గుర్తుంటాయా అమ్మా?"

రచయిత్రి మనసు ఒప్పలేదు. కానీ ప్రెస్సు వాళ్ళు నెత్తిన కూర్చున్నారు. చివరి అధ్యాయానికి ఆయన పేరే పెట్టింది.

ప్రూఫులు కాపీ తీయించడానికి కోర్టు సందుకి వెళ్తే టైపు గది మూసి ఉంది.

"ఆవిడ పోయి నెలైందండీ," అన్నాడు జిరాక్సతను.

"అయ్యో," అంది రచయిత్రి. తర్వాత రెండేసి కాపీలు తీయమంది.

ఆవిష్కరణ సభ బాగా జరిగింది. ప్రొఫెసర్ ముప్పావుగంట మాట్లాడాడు. సభ అయ్యాక, నల్ల కళ్ళద్దాల పెద్దావిడ ఒకామె పుస్తకం పట్టుకుని వచ్చింది. తాను మాస్టారి చెల్లెలినని చెప్పింది.

"కళ్ళు కుదుటపడి నిన్ననే వచ్చానమ్మా. మా అమ్మాయి ఇందాక సభలోనే చివరి అధ్యాయం చదివి వినిపించింది. ఈయన్నెందుకు పెట్టావు?"

"ఈయన సరే అంటేనే కదండీ మాస్టారు అచ్చుకి ఇచ్చింది."

పెద్దావిడ నవ్వింది. "ఈయన మా గడప తొక్కింది రెండుసార్లు. రెండుసార్లూ తనే మాట్లాడి వెళ్ళాడు."

రచయిత్రి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి ఎవరండీ? ఎక్కడున్నా సరే, రేపే బయల్దేరతాను. కాళ్ళు పట్టుకునైనా అడిగి, ఆ అధ్యాయం మొత్తం తిరగరాస్తాను."

"అంత దూరం దేనికమ్మా, ఈ కోర్టు పక్క సందులోనే ఉంటుంది. అన్నయ్య రాసినవన్నీ టైపు చేసిన మనిషి. తనకి అర్థమయ్యేదాకా ఆవిడ మిషను ముట్టేది కాదు, ఆవిడ ముట్టేదాకా అన్నయ్య ఒక్క వాక్యమూ అచ్చుకి ఇచ్చేవాడు కాదు."