పదిహేడో తల్లి

“ఆ పదిహేడో తల్లి రికార్డింగు వినిపించండి. లేదంటే అవార్డు నుంచి మీ పేరు మీరే వెనక్కి తీసుకోండి. మూడో దారి లేదమ్మా,” అన్నారు డీన్ గారు.

సోషియాలజీ మేడమ్ తల దించుకుని కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి యూనివర్సిటీలో పరిశోధనా దినోత్సవం. ఈ ఏడాది ఉత్తమ పరిశోధన ఆమెదేనని వారం కిందటే ప్రకటించారు. బిడ్డల్ని పోగొట్టుకున్న నలభై ఒక్కమంది తల్లుల దగ్గర కూర్చుని, ఆరేళ్ళపాటు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి రాసిన పుస్తకం. నిన్న ఎవరో ఆకాశరామన్న ఉత్తరం పడేశారు. పదిహేడో తల్లి అసలు లేదనీ, ఆవిణ్ణి మేడమే కల్పించిందనీ. విచారణ డీన్ గారి నెత్తిన పడింది.

“మిగతావాళ్ళందరూ వినిపించినా ఫరవాలేదన్నారండి. ఈవిడొక్కరే వద్దన్నారు. ఎవరికీ వినిపించనని మాటిచ్చాను.”

“పోనీ, పేరు చెప్పండి. నా కడుపులోనే పెట్టుకుంటాను.”

“చెప్పలేనండి.”

“నాకు కూడానా?”

“మీకు కూడా.”

డీన్ గారు నిట్టూర్చి, కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం తెరిచి పైకి చదివారు.

“‘వాడి పేరు ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తితే ఆయన కంచం ముందు నుంచి లేచిపోతారు. అందుకని ఆయన బయటికెళ్ళాక వంటింట్లో కుళాయి తిప్పుతాను. ఆ నీళ్ళ చప్పుడులో వాణ్ణి ఒక్కసారి పిలుచుకుంటాను. పిలవకపోతే నా నోటికి వాడి పేరు మరుపొస్తుందేమోనని భయం.’”

అక్కడ ఆగిపోయారు. గ్లాసందుకుని నీళ్ళు తాగారు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, పుస్తకం మూశారు.

“చదివినవాళ్ళని కదిలించేస్తుంది. నా అనుమానమూ అదే. నిజంగా ఏడ్చే మనిషికి మాటలు ఇంత కుదురుగా రావమ్మా. ఇది రాసేవాళ్ళ భాష.”

“గుర్తుపట్టకుండా ఊరు, వయసు, బిడ్డ పోయిన ఏడాది మార్చానండి. మాటల్లో మాత్రం అక్షరం మార్చలేదు.”

“సగం మార్చాను, సగం మార్చలేదంటే ఎవరు నమ్ముతారు? మీ మీద నాకు కక్షేం లేదు. పిల్లలకి చదువు చెప్పే మనమే ఇలా చేస్తే కంచే చేను మేసినట్టు కాదూ?”

మేడమ్ అరగంట గడువు అడిగి వరండాలోకి వచ్చింది. హిస్టరీ చెప్పే చిన్న లెక్చరర్ ఆమె కోసమే గోడకానుకుని నిలబడి ఉంది.

“అక్కా, ఆవిడకి ఒక్క ఫోన్ కొట్టు. సంగతి చెప్పి, వినిపించనా అని అడుగు. దీనికింత మథనపడతావేంటి?”

“అడిగితే ఒప్పుకుంటారే. అదే నా భయం.”

“ఒప్పుకుంటే మంచిదేగా?”

“నా మొహం చూసి ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఆ ఇంట్లో కాపురం చెయ్యాల్సింది ఆవిడ కదా.”

మేడమ్ ఫోను బ్యాగులో పడేసి, ఒక తెల్ల కాగితం తీసి, కిటికీ గట్టు మీదే పెట్టి నాలుగు ముక్కలు రాసింది. సొంత కారణాల వల్ల అవార్డు వద్దనుకుంటున్నానని.

డీన్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. “అంటే, ఆవిడ లేదని ఒప్పుకున్నట్టేనా?”

“మీరెలా అనుకున్నా సరేనండి.”

సాయంత్రానికి హాలు గుమ్మం దగ్గరి బోర్డులో ఆమె పేరు మీద తెల్ల కాగితం అంటించేశారు. అది సరిగా అంటక, గాలికి ఒక మూల లేస్తూనే ఉంది. ఉదయం దాకా అభినందనలు చెప్పినవాళ్ళు ఆమె పక్క కుర్చీ వదిలేసి ఆ పైదాంట్లో కూర్చున్నారు. వేదిక మీద ఒక్కొక్కరి పుస్తకం, వ్యాసం, బహుమతి పేరుపేరునా చదివారు. ఎకనామిక్స్ ఆయన ఉత్తమ పరిశోధన అవార్డు అందుకున్నాడు. మేడమ్ అందరితో పాటు చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ఎవరో, “చచ్చిన పిల్లల మీద కట్టుకథలల్లి పేరు తెచ్చుకోవాలా?” అన్నారు. ఆ పిల్లల తల్లుల్లో ఎందరి తలలు తన ఒళ్ళో పెట్టుకుందో ఎవరికి చెప్పుకుంటుంది?

సభ ముగిసింది. ఎవరి కంటా పడకుండా పక్క తలుపులోంచి జారుకుందామనుకుంది. టీ బల్ల దగ్గర డీన్ గారు ఎదురయ్యారు. పక్కన ఆయన భార్య.

“వెళ్ళిపోతున్నారా? కాస్త టీ తాగి వెళ్ళండి,” అన్నారాయన. ఆయన ముఖంలోనూ సంతోషం లేదు. “మా ఆవిడ. మీరెప్పుడూ చూసుండరు.”

“లేదండీ,” అంది మేడమ్. అని, నమస్కారం పెట్టింది.

ఆవిడ తిరిగి నమస్కారం పెట్టలేదు. భర్త వైపు తిరిగింది. “అవార్డు ఈవిడకే అని పేపర్లో వేశారు కదండీ. మరి పేరెందుకు పిలవలేదు?”

“ఇంటికెళ్ళాక చెప్తాను.”

“ఇప్పుడే చెప్పండి.”

డీన్ గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “చెయ్యకూడని పని చేశారు. పుస్తకంలో పదిహేడో తల్లి అని ఒకావిణ్ణి సృష్టించారు. అలాంటి మనిషే లేదు.”

“పోనివ్వండమ్మా, అయిపోయిందిగా,” అంటూ మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

రెండో చేతిలోని కప్పుని ఆవిడ బల్ల మీద పెట్టి, భర్త కళ్ళలోకి సూటిగా చూసింది.

“లేకపోవడమేంటండీ? ఆ పదిహేడో తల్లిని నేనే.”